యుద్ధకాలం కథల్లో వంటిల్లు: ఇంటి గుట్టు పులుసులో దాచొచ్చా?

రేవు_గట్టు:
అందరికీ నమస్కారం. ఒక నవల రాస్తున్నాను, మూడో అధ్యాయం దగ్గర బండి ఆగింది. సలహా కావాలి.

కథ ఇదీ. కాకినాడ పక్క ఊరి నుంచి రంగూన్ రేవులో మూటలు మోయడానికి వెళ్ళిన మనిషి, తమ్ముడు, భార్య, పిల్లలు. 1941 చివర్లో బాంబులు పడతాయి, మొగుడు పోతాడు. మిగతావాళ్ళు నడిచి ఇండియా చేరతారు. ఆ నడిచొచ్చిన తొమ్మిదేళ్ళ పిల్లే తర్వాత బామ్మ. కథ చెప్పేది మనవరాలు, 1990ల్లో. బామ్మ ఏడాదికోసారి, ఎవరి తద్దినమూ కాని ఒక రోజున, చేపల పులుసులాంటిది చేస్తుంది. అందులో అరటి దవ్వ వేస్తుంది, నిమ్మగడ్డి వేస్తుంది, వేయించిన బియ్యప్పిండి కలిపి చిక్కగా చేస్తుంది. అన్నంలో కాదు, బియ్యప్పిండి సేమియా మీద పోసుకుని ఒక్కతే కూర్చుని తింటుంది. ఇంట్లో దానికి 'బామ్మ పిచ్చి పులుసు' అని పేరు. అది బర్మావాళ్ళ మొహింగా అనీ, బామ్మను కన్నది బర్మా ఆవిడ అనీ, ఆవిడ రంగూన్‌లోనే ఉండిపోయిందనీ చివర్లో తెలుస్తుంది. బామ్మ తండ్రికి అక్కడ రెండో సంసారం ఉండేదన్నమాట.

ఇది నమ్మేలా ఉందా? ఒక పులుసు మీద ఇంత బరువు పెట్టొచ్చా?

మిరపకాయ_బజ్జీ:
ఆకలేసింది. మిగతాది తర్వాత చెప్తా.

పుస్తకాల_పురుగు:
మొహమాటం లేకుండా చెప్తాను, ఏమనుకోకండి. యుద్ధం మీద వచ్చే చారిత్రక నవలల్లో ఈ మధ్య ఇదే వరస. అటక మీద పెట్టె, పెట్టెలో చీటీ, చీటీలో వంట. మనవరాలు అది వండుతుంది, ఒక ముద్ద తింటుంది, కన్నీళ్ళు, ఫ్లాష్‌బ్యాక్. ఇది అయితే రంగూన్, కాకపోతే ప్యారిస్. ఊరు మార్చితే కథ మారదు.

నా లెక్కలో యుద్ధకాలపు ఇంటి గుట్టు వంటలో ఉండదు, వడ్డనలో ఉంటుంది. ఎవరికి ఎంత పెట్టారు, ఎవరికి పెట్టలేదు, ఎవరి వంతు ఎవరు తిన్నారు. ఉన్న పిడికెడు బియ్యం నలుగురికి పంచాల్సి వచ్చినప్పుడు ఆ ఇల్లాలు తన కడుపున పుట్టిన పిల్లకీ, సవతి పిల్లకీ సమానంగా పెట్టిందా? నాకు కావాల్సిన సీన్ అది. మొహింగా ఎలా చేస్తారో యూట్యూబ్‌లో చూసుకుంటాను.

కంచరపాలెం_కుర్రాడు:
పురుగు గారూ, కొంచెం నెమ్మది. వంట కూడా ముఖ్యమే.

అక్కా, మాది వైజాగ్, బర్మా క్యాంపు పక్కనే పెరిగాను. ఒక తేడా గమనించండి. ఇక్కడ బర్మా క్యాంపులో స్థిరపడినవాళ్ళు ఎక్కువ మంది 1942లో నడిచొచ్చినవాళ్ళు కాదు. 1962లో బర్మా సైన్యాధిపతి నే విన్ గద్దెనెక్కి, 1964లో దుకాణాలన్నీ జాతీయం చేసి, పెద్ద నోట్లు రద్దు చేశాక ఓడల్లో వచ్చినవాళ్ళు. వాళ్ళంతా ఒకచోట దిగారు, ఒకచోట ఉన్నారు. అందుకే ఇప్పటికీ సాయంత్రం బండి మీద కౌసే దొరుకుతుంది. నూడుల్స్ మీద శనగపిండి వేసిన పులుసు, వేయించిన ఉల్లిపాయలు, ఉడకబెట్టిన గుడ్డు, పైన నిమ్మకాయ. పక్కింటావిడా అదే వండుతుంటే అది రహస్యం ఎందుకవుతుంది? పేట వంట అవుతుంది.

మీ బామ్మ 1942లో వచ్చింది, గోదావరి జిల్లా పల్లెటూరికి. చుట్టుపక్కల ఆ రుచి తెలిసినవాళ్ళు ఒక్కరూ లేరు. కాబట్టి అది ఒక మనిషి నాలుక మీద మాత్రమే మిగిలింది. మీ కథకు బలం అక్కడే ఉంది, వదలకండి.

ఇంకోటి. మొహింగాలో ఙపీ వేస్తారు, పులియబెట్టిన చేపల ముద్ద. కాకినాడ వైపు అది దొరకదు. ఆవిడ ఏం చేస్తుంది? ఎండు రొయ్యలు దంచి వేస్తుంది. సేమియా ఎక్కడిది? ఉడికించిన బియ్యప్పిండి ముద్దని జంతికల గొట్టంలో పెట్టి మరిగే నీళ్ళలోకి ఒత్తుతుంది. సంక్రాంతికి జంతికలు ఒత్తే గొట్టమే. మనవరాలు చూసేది అదే కావాలి: పండగ కాని రోజున బామ్మ జంతికల గొట్టం ఎందుకు దించింది?

రేవు_గట్టు:
జంతికల గొట్టం! తమ్ముడూ, నీకు రెండు ప్లేట్ల కౌసే బాకీ.

పురుగు గారూ, మీ మాట కాదనను. కానీ వడ్డన సంగతి బయటపడాలన్నా ఏదో ఒక దారి కావాలి కదా. ఆ దారి పులుసు. మనవరాలికి డైరీలు, ఉత్తరాలు దొరకవు. ఆ ఇంట్లో ఆడవాళ్ళకి చదువు లేదు, రాసిపెట్టినవాళ్ళు లేరు.

సోషల్_మాస్టారు:
అమ్మా, కథ సంగతి నాకు తెలియదు, తేదీలు మాత్రం సరిచూసుకోండి. నేను హైస్కూల్లో సోషల్ చెప్పి రిటైరయిన వాణ్ణి, తేదీ తప్పితే నాకు ముద్ద దిగదు.

రంగూన్ మీద మొదటి బాంబులు 1941 డిసెంబరు 23న పడ్డాయి, మళ్ళీ 25న. ఊరు జపాన్ చేతికి పోయింది 1942 మార్చి 8న. మధ్యలో రెండున్నర నెలలున్నాయి. డబ్బున్నవాళ్ళకి ఓడ టికెట్లు దొరికాయి. రేవు కూలీల్లో చాలామందికి కాళ్ళే గతి. ముందు బయల్దేరినవాళ్ళు ప్రోమ్ దాకా వెళ్ళి, ఇరావతి దాటి, టౌంగప్ కనుమ మీదుగా అరకాన్ తీరానికి దిగి, పడవల్లో అక్యాబ్, చిట్టగాంగ్ చేరారు. ఆ దారిలో కలరా. ఆలస్యమైనవాళ్ళు పైకి వెళ్ళి తమూ, పలేల్, ఇంఫాల్, దిమాపూర్ దారి పట్టారు. ఇంకా ఆలస్యమైనవాళ్ళు హుకాంగ్ లోయలో వర్షాల్లో ఇరుక్కున్నారు. అసోం వైపు టీ తోటల వాళ్ళు దారి పొడవునా క్యాంపులు పెట్టి అన్నం పెట్టారు. తెల్లవాళ్ళకి ఒక దారి, మనవాళ్ళకి ఒక దారి అని అప్పట్లోనే పెద్ద గొడవయింది. మొత్తం మీద సుమారు ఐదు లక్షల మంది ఇండియాకి వచ్చారంటారు. దారిలో పోయినవాళ్ళు వేలల్లో ఉన్నారు, సరైన లెక్క ఎవరూ రాయలేదు.

మీ కుటుంబం జనవరిలో బయల్దేరి టౌంగప్ దారిలో వస్తే చిట్టగాంగ్, కలకత్తా, అక్కణ్ణుంచి రైల్లో సామర్లకోట. మార్చి ఆఖరుకి ఇల్లు చేరతారు. సరిగ్గా ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖపట్నం మీదా కాకినాడ మీదా బాంబులు వేశాయి. బాంబులకి భయపడి అంతదూరం నడిచొచ్చినవాళ్ళు ఇంటికి చేరిన వారానికే ఊళ్ళో జనం బళ్ళు కట్టుకుని పారిపోతుంటారు. ఇది నేను కల్పించినది కాదు, చరిత్రే మీకు సీన్ రాసిపెట్టింది.

రేవు_గట్టు:
మాస్టారూ, కలకత్తాలో ఒక సీన్ అనుకున్నాను. స్టేషన్ బయట జనం గిన్నెలు పట్టుకుని 'ఫ్యాన్ దావో' అని గంజి అడుక్కుంటూ ఉంటారు, పిల్ల తన వాటా ఇచ్చేస్తుంది. పెట్టొచ్చా?

సోషల్_మాస్టారు:
పెట్టకూడదు. గంజి కోసం కలకత్తా వీధుల్లో ఇల్లిల్లూ తిరిగిన రోజులు 1943 నడిమి నుంచి. మీ పిల్ల కలకత్తాలో ఉన్నది 1942 మార్చిలో. ఆ ఏడాదే ప్రభుత్వం తీరంలో పడవలు లాక్కోవడం, బియ్యం తరలించడం మొదలుపెట్టింది, అక్టోబరులో మిడ్నపూర్ తుఫాను వచ్చింది, ఆపైన కరువు. కావాలంటే పెంచిన తల్లి ఆ కరువు కబుర్లు పేపరు చదివేవాళ్ళ నోటి ద్వారా వినొచ్చు. అదే గట్టిగా తగులుతుందేమో కూడా: తాము దాటొచ్చిన ఊళ్ళోనే.

ఒకటి మాత్రం మరవకండి. బర్మా పోవడమంటే మనకి బియ్యం పోవడం. యుద్ధానికి ముందు ఏటా పది లక్షల టన్నులకు పైగా బర్మా బియ్యం ఇండియాకి వచ్చేది. మద్రాసులో 1943లో రేషన్ పెట్టారు, తర్వాత మిగతా పట్టణాలకూ పాకింది. బియ్యం కార్డు మీద గోధుమ ఇస్తే ఏం చేసుకోవాలో తెలియక మనవాళ్ళు తలపట్టుకున్నారు.

మిరపకాయ_బజ్జీ:
బెంగళూరు ఎంటీఆర్ హోటల్ వాళ్ళు రవ్వ ఇడ్లీ ఆ బియ్యం కరువులోనే కనిపెట్టామని చెప్పుకుంటారు. యుద్ధం వల్ల మనకి కలిగిన మేలు అదొక్కటే.

డచ్_దోసె:
నేను ఉండేది ఆమ్స్టర్డామ్‌లో. పురుగు గారు 'వడ్డన' అన్నారు కాబట్టి ఇక్కడి సంగతి చెప్తాను.

1944 సెప్టెంబరులో ఇక్కడి రైల్వే వాళ్ళు సమ్మె చేశారు, దానికి కక్షగా జర్మన్లు పడమటి పట్టణాలకి తిండి రాకుండా ఆపేశారు. పైగా కాలువలు గడ్డకట్టే చలి. నవంబరు ఆఖరుకి మనిషికి రోజుకి వెయ్యి క్యాలరీల లోపు రేషన్, ఫిబ్రవరికి ఐదారువందలు. దాదాపు 20,000 మంది పోయారని లెక్క. జనం చక్కెర దుంపలు తిన్నారు, తులిప్ దుంపలు తిన్నారు. తులిప్ దుంపని చీల్చి మధ్యలో ఉన్న పసుపురంగు మొలక తీసేయాలి, లేకపోతే కడుపులో తిప్పుతుంది. ఈ నేపథ్యంతో వచ్చే కథల్లో తులిప్ దుంపలు కనిపించగానే నేను ఆ మొలక కోసం చూస్తాను. తీయకుండా ఉడకబెట్టారంటే రాసినవాళ్ళు ఫొటో చూసి రాశారని అర్థం.

గుట్టు సంగతికొస్తే: ఆడవాళ్ళు టైర్లు లేని సైకిళ్ళ మీద పల్లెలకి పోయి దుప్పట్లు, నగలు, పెళ్ళి ఉంగరాలు ఇచ్చి బంగాళాదుంపలు తెచ్చుకున్నారు. ఏం తెచ్చారో పిల్లలకి తెలుసు. ఏమిచ్చి తెచ్చారో తెలియదు. అందరూ ఉంగరమే ఇవ్వలేదు. ఇక్కడి కుటుంబాల్లో తవ్వకుండా వదిలేసిన సంగతులు అక్కడున్నాయి. మీ పెంచిన తల్లి టౌంగప్ దారిలో పడవ కోసం, బియ్యం కోసం ఏమిచ్చింది? అది మీరు రాయనక్కర్లేదు, మీకు తెలిసి ఉండాలి.

గటక_గిన్నె:
మాది నల్గొండ వైపు. నా లెక్కలో మాకూ అది యుద్ధకాలమే. 1946 నుంచి 51 దాకా, తెలంగాణ సాయుధ పోరాటం.

మా అమ్మమ్మ దళం వాళ్ళకి అన్నం పెట్టింది. ఆ మాట మా అమ్మకి పెళ్ళయి పిల్లలు పుట్టాక తెలిసింది, అది కూడా ఎవరో పరాయి మనిషి వచ్చి 'మీ అమ్మ చేతి రొట్టె తిన్న' అని చెప్తే. తాతకి కూడా చాలా రోజులు తెలియదంట. ఎందుకు దాచిందంటే, 1948 సెప్టెంబరుకి ముందు రజాకార్ల భయం, తర్వాత మిలిట్రీ భయం. నిజాం పోయిండు కదా అని ఊపిరి పీల్చుకునే వీలు లేదు. దళానికి అన్నం పెట్టిన ఇల్లు అంటే క్యాంపుకి పట్టుకపోయేవాళ్ళు. అందుకే 51 తర్వాత కూడా నోరు తెరవలేదు, అలవాటైపోయింది.

చిన్న సంగతి చెప్తా, మీకు పనికొస్తదేమో. జొన్నరొట్టె అరచేత్తో కొట్టి చేస్తరు. రాత్రిపూట ఆ చప్పుడు నాలుగిండ్ల అవతలికి వినిపిస్తది. ఇంట్లో ముగ్గురే ఉన్నప్పుడు చప్పుడు ఆగకుండా వస్తుంటే పక్కింటివాళ్ళు లెక్కపెట్టుకుంటరు. అందుకని మా అమ్మమ్మ దళం వాళ్ళు వచ్చే రాత్రి రొట్టెలు చేయలేదు. గటక వండింది, జొన్న రవ్వ ఉడకబెట్టి చేసేది. గటకకి చప్పుడు లేదు.

పుస్తకాల_పురుగు:
దీన్ని మించి ఇంకేం కావాలండీ! వంట మారడానికి కారణం రుచి కాదు, భయం. పొయ్యి దగ్గర ఆ రాత్రి ఏం జరిగిందో ఒక్క ముక్కలో తెలిసిపోయింది. గిన్నె గారూ, మీరు కథలు రాస్తారా?

గటక_గిన్నె:
రాయను. చదువుతా. పాతర సంగతి కూడా చెప్పనా?

మిరపకాయ_బజ్జీ:
అడుగుతారేంటండీ, కానివ్వండి.

గటక_గిన్నె:
ఆ రోజుల్లో లెవీ ధాన్యం అని సర్కారు గుంజుకునేది. అందుకని గింజలు పాతరలో పెట్టి, పైన బండ వేసి, మట్టితో మెత్తి, దాని మీద పేడతో అలికేవాళ్ళు. పైకి వాకిలి లెక్క కనిపించేది. ఈ మధ్య ఒక కథలో చదివిన, పోలీసులు వస్తే గింజలున్న పాతరలోకి మనిషిని దింపి బండ మూసేస్తరు, తెల్లారి నవ్వుకుంట బయటికొస్తడు. అయ్యేపని కాదు. మూసి ఉన్న పాతర తెరిస్తే వెంటనే ఎవరూ దిగరు. కొంతసేపు వదిలేసి, దీపం తాడుకి కట్టి కిందికి దింపుతరు. దీపం ఆరిపోతే లోపల గాలి మంచిది కాదని అర్థం. దీపమే బతకని చోట మనిషి ఎట్ల బతుకుతడు?

ఇంకోటి, పాతర జొన్నలకు ముక్క వాసన వస్తది, గోడవారగా ఉన్నవాటికి మరీ. రొట్టె చేసినా ఆ వాసన పోదు. గింజ లేదని లెవీవాళ్ళకి చెప్పిన ఇంట్లో నుంచి ఆ వాసన వస్తే? గుట్టు బయటపెట్టేది మనిషి నోరే కానక్కర్లేదు.

రేవు_గట్టు:
అక్కా, ఈ చప్పుడు, వాసన చదివాక నా పులుసు మీద నాకు మళ్ళీ ధైర్యం వచ్చింది. నిమ్మగడ్డి వాసన ఉంది కదా. ఆ ఊళ్ళో ఎవరి పెరట్లోనూ లేని గడ్డి ఆ ఇంటి పెరట్లో మాత్రమే ఎందుకుంది, ఎవరు నాటారు? పెంచిన తల్లి నాటిందనుకుంటే? సవతి పిల్ల తినదేమోనని?

పుస్తకాల_పురుగు:
అదీ దెబ్బ. పిల్ల రహస్యం పిల్లకే తెలుసు అనుకుంటాం, కానీ ఆవిడకీ తెలుసు, ఇద్దరూ ఒకరికొకరు చెప్పుకోకుండా ఆ మొక్కకి నీళ్ళు పోశారు. ఇప్పుడు నేను కొంటాను మీ పుస్తకం.

కానీ ఆవిణ్ణి మరీ దేవతని చేయకండి. దారిలో తన పిల్లకి ఎక్కువ పెట్టిందన్న సీన్ నాకింకా కావాలి.

కంచరపాలెం_కుర్రాడు:
ఇంకో సంగతి ఎవరూ ఎత్తలేదు. ఆ దారిలో ఎవరు ఎవరి చేతి వంట తిన్నారు? ఊళ్ళో ఒకరి బావి ఒకరు ముట్టుకోని రోజులవి. కనుమ మీద కులానికో పొయ్యి ఎక్కడ పెడతారు? ఒకే కుండలో వండుకుని తిని, ఊరు చేరగానే ఆ మాట మింగేసినవాళ్ళు ఎంతమంది ఉంటారు? బర్మా పెళ్ళాం సంగతి కంటే ఇదే పెద్ద గుట్టు అయ్యుండొచ్చు. ఆ మరిది ఊళ్ళో పెద్దమనిషి అయి, తనకి కలరా వచ్చినప్పుడు గంజి పోసి బతికించిన మనిషిని అరుగు మీదకి రానివ్వకపోతే?

సోషల్_మాస్టారు:
బాబూ, బాగా అడిగావు. నేను చిన్నప్పుడు చూశాను ఇలాంటి పెద్దమనుషుల్ని. పేర్లు వద్దు.

డచ్_దోసె:
రేషన్ కార్డు సంగతి కూడా ఆలోచించండి. రష్యాలో జర్మన్లు చుట్టుముట్టిన లెనిన్‌గ్రాడ్‌లో 1941 నవంబరు 20 నుంచి డిసెంబరు 25 దాకా పిల్లలకి, పని లేనివాళ్ళకి రోజుకి 125 గ్రాముల రొట్టె, కార్మికులకి 250. అందులోనూ పిండి కానిది బోలెడు కలిపేవాళ్ళు. కార్డు నెలకొకటి ఇచ్చేవాళ్ళు. ఇంట్లో మనిషి పోతే ఆ కార్డు తిరిగి ఇచ్చేయాలి. చాలా ఇళ్ళలో చావు దాచారు, నెలాఖరు దాకా. పోయినవాళ్ళ రొట్టె బతికున్నవాళ్ళు తిన్నారు. ఆ తర్వాత ముప్ఫై నలభై ఏళ్ళు దాని గురించి ఇంట్లో మాట్లాడుకునే కుటుంబం ఉంటుందా?

రేవు_గట్టు:
ఆగండి, ఆగండి. ఇది చదవగానే ముడి విడిపోయింది.

దారిలో కలరాతో పోయింది ఆవిడ సొంత కూతురు. ఊరు చేరాక సవతి పిల్లని ఆ పేరుతోనే పిలిచింది. అడిగేవాళ్ళు లేరు, ఊళ్ళో ఎవరూ ఆ పిల్లని అంతకుముందు చూడలేదు. మరిదికి మాత్రమే తెలుసు, ఆయన నోరు విప్పడు, ఆయన గుట్టు ఆయనకుంది కాబట్టి. తర్వాత కాకినాడలో కార్డులు రాసినప్పుడు కార్డు మీద పడింది చచ్చిపోయిన పిల్ల పేరు. బామ్మ జీవితమంతా ఆ పేరుతో బియ్యం తెచ్చుకుని తిన్నది. ఏడాదికోసారి ఆ పులుసు తిన్నరోజు మాత్రం తన పేరుతో తిన్నది.

పుస్తకాల_పురుగు:
చివరి వాక్యం నవల్లో రాయకండి. మిగతాదంతా రాయండి.

మిరపకాయ_బజ్జీ:
పురుగు గారికి ఇవాళ మంచి మూడ్, గమనించారా?

సోషల్_మాస్టారు:
అమ్మా, కార్డుల సీను 1944లో పెట్టుకోండి, 1942లో వద్దు. చిల్లర ఇచ్చేటప్పుడు చిల్లు కానీ వాడొచ్చు. యుద్ధంలో రాగి కొరత వల్ల 1943 నుంచి మధ్యలో చిల్లున్న కానీలు వచ్చాయి, పిల్లలు మొలతాడుకి గుచ్చుకునేవాళ్ళు. డాల్డా 1937 నుంచే ఉంది, పల్లెటూరి ఇంట్లో మాత్రం వద్దు. ప్రెషర్ కుక్కర్ కూతపెడితే నేను పుస్తకం మూసేస్తాను.

కంచరపాలెం_కుర్రాడు:
ఒక్క అనుమానం అక్కా. తొమ్మిదేళ్ళ పిల్లకి మొహింగా చేయడం ఎలా వచ్చింది? తినడం తెలుసు, చేయడం తెలియదు కదా.

రేవు_గట్టు:
రాదు. మొదటిసారి పెళ్ళయ్యాక ప్రయత్నిస్తుంది, చింతపండు వేసి పాడుచేస్తుంది. ఒక ఏడు శనగపిండి, ఒక ఏడు బియ్యప్పిండి. రుచి గుర్తు పెట్టుకుని వెనక్కి నడవడమే. మనవరాలు చూసేటప్పటికి కూడా అది సరైన మొహింగా కాదు. రంగూన్ నుంచి వచ్చిన వాళ్ళెవరైనా తింటే గుర్తుపట్టకపోవచ్చు. బర్మా క్యాంపుకి తీసుకెళ్ళి మనవరాలు అక్కడ తినిపిస్తే బామ్మ ఏమంటుందో ఇంకా తేల్చుకోలేదు.

గటక_గిన్నె:
'ఇందులో ఉప్పు తక్కువైంది' అంటది. మా అమ్మమ్మయితే అదే అనేది.

మిరపకాయ_బజ్జీ:
ఎవరైనా వైజాగ్ వెళ్తున్నారా ఈ ఆదివారం? సాయంత్రం కౌసే బండి దగ్గర కలుద్దాం. డబ్బులు రేవు_గట్టు గారివి.

రేవు_గట్టు:
తమ్ముడికి బాకీ ఉన్నది రెండు ప్లేట్లే, మిగతావాళ్ళు ఎవరిది వాళ్ళే. మూడో అధ్యాయం పంపిస్తాను, మాస్టారు తేదీలు చూడాలి, గిన్నె అక్క పొయ్యి దగ్గర సీన్లన్నీ చూడాలి. మరిదికి ఒక పేరు కావాలి, 1910 ప్రాంతంలో పుట్టిన గోదావరి జిల్లా మనిషికి తగ్గది. సూచించండి.

సోషల్_మాస్టారు:
సూర్నారాయణ. ఊళ్ళో వీధికి ఇద్దరుండేవాళ్ళు.